ఇంకా బాగవలా

మోకాళ్ళ నొప్పులు చూపించుకుందామని నెల్లూరులో ఒక ఆసుపత్రికి వెళ్ళి, దారి తప్పి మానసిక వైద్యం చేసే వైపు వెళ్ళాను. అక్కడ హాల్లో నేల మీద ఒక కుక్క పడుకుని ఉంది. గోధుమరంగు కుక్క, మెడలో నీలం పట్టీ. దాని చుట్టూ నలుగురైదుగురు చాప మీద కూర్చున్నారు. ఒకమ్మాయి దాని చెవి నిమురుతూ గుసగుసగా ఏదో చెబుతోంది. ఆసుపత్రిలోకి కుక్క రావడమేమిటని నేను గుడ్లప్పగించి చూస్తుంటే, అక్కడున్న నర్సు నవ్వి, అది వైద్యానికి వచ్చిన కుక్క మేడమ్ అంది. శిక్షణ ఇచ్చి తీసుకొస్తారట. మనుషుల దగ్గర పెదవి విప్పనివాళ్ళు కూడా దానితో మాట్లాడతారట. దాన్ని నిమురుతూ కూర్చుంటే దడ తగ్గుతుందట, నిద్ర పడుతుందట. మాత్రలకు బదులు కాదు, మాత్రలతో పాటు అని కూడా చెప్పింది.

"మా వాడిది పొట్టేలమ్మా," అన్నాను, ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియలేదు.

ఆ నర్సు పిల్ల కుర్చీ జరిపి కూర్చోబెట్టి చెప్పమంది. రెండు ముక్కల్లో చెప్పాను. అంతా విని, ఎవరైనా అడిగే ప్రశ్నే అడిగింది. "మరి ఆయనకు బాగైందా మేడమ్?"

బతుకంతా పిల్లల చేత జవాబులు చెప్పించినదాన్ని. ఆ చిన్న ప్రశ్నకు ఏ జవాబు చెప్పినా చిక్కే. బాగైందంటే ఒక తంటా, బాగవలేదంటే ఇంకో తంటా. తర్వాత చెబుతానని లేచి, మోకాళ్ళ సంగతి మరిచిపోయి కోవూరు బస్సెక్కాను. దారి పొడుగునా ఆయనే.

మాది కోవూరు, వరి పండే నేల. మాకు నీళ్ళంటే కాలవ నీళ్ళే. ఉద్యోగం మాత్రం తోటపల్లి గూడూరు అవతల, సముద్రం ఒడ్డున ఒక పాలెం బడిలో వచ్చింది. బడి పక్కనే అద్దె ఇల్లు. నాకూ పక్కింటికీ మధ్య తాటాకు దడి. దడి అవతల ఆయనా, ఆయన భార్య చెంగమ్మా. ఆయన పేరు చెంగమ్మ నోట ఏనాడూ రాలేదు. మొగుడి పేరు పలకకూడదని ఆమె పట్టింపు. ఆమె పలకని పేరు నేనెందుకు రాయాలి?

నేను ఆ ఇంట్లో చేరేసరికే ఆయన సముద్రానికి వీపు పెట్టి కూర్చునేవాడు. పాలెంలో అందరూ గాలి కోసం వాకిట్లో సముద్రం వైపు తిరిగి కూర్చుంటే ఆయన గోడ వైపు తిరిగేవాడు. అంతకుముందు వానాకాలంలో ఆయనా, ఆయన అన్నా వేటకు పోయిన పడవ ఒడ్డు దగ్గరి అలల్లోనే తిరగబడింది. ఈయన కొట్టుకొచ్చాడు. అన్న రాలేదు. అప్పటి నుంచి మాట లేదు, వేట లేదు. అన్నిటికన్నా పెద్ద చిక్కు నీళ్ళతో. ఒంటి మీద చుక్క పడనిచ్చేవాడు కాదు. చెంగమ్మ చెంబు పట్టుకుని వస్తే గోడకు అతుక్కుపోయేవాడు. తడిగుడ్డతో తుడవబోయినా వణికేవాడు. సముద్రం మీద బతికేవాడికి నీళ్ళ భయమేందని నవ్వినవాళ్ళున్నారు. వాళ్ళను నేను గట్టిగానే కసిరాను. కసిరితే ఆయనకు ఒరిగిందేమీ లేదు.

రెండు పడవల మీద కాళ్ళు పెట్టకూడదంటారు గానీ చెంగమ్మ పెట్టింది. నన్ను తోడు తీసుకుని ఆయన్ను నెల్లూరులో మనసు డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. అదే వారంలో గంగమ్మ గుడి ముందు తడిబట్టలతో నిలబడి, ఆయనకు బాగైతే, కొన్నేళ్ళకోసారి అమ్మకు చేసే ఊరి కొలుపులో పొట్టేలును బలి ఇచ్చుకుంటానని మొక్కింది. మొక్కు పొట్టేలును ఆ రోజుకారోజు సంతలో కొని తేకూడదు. పిల్లప్పుడే తెచ్చి, ఇంట్లో పెంచి ఇవ్వాలి. అందుకని ఒక గొర్రెపిల్ల వచ్చింది. తెల్లటి ఒళ్ళు, కళ్ళ చుట్టూ కాటుక పెట్టినట్టు నల్లటి మచ్చలు. దానికి పేరు పెట్టలేదు. అమ్మకు ఇచ్చేదానికి పేరు పెట్టకూడదట.

ఇంట్లోకి తీసుకునేముందు దాని మీద పసుపు నీళ్ళు పోయాలి. చెంగమ్మ చెంబెడు నీళ్ళు ఒక్కసారిగా గుమ్మరించింది. గొర్రెకు నీళ్ళంటే అసలే పడదు. తల నుంచి తోక దాకా విదిలించింది. ఆ జల్లంతా గోడవారన కూర్చున్న ఆయన మీద పడింది. ఆయన లేచి ఇంటి వెనక్కి పరుగు తీశాడు. చెంగమ్మ చెంబు పారేసి నెత్తి కొట్టుకుంది. తల్లిని వదిలి వచ్చిన పిల్ల కదా, కదిలిన మనిషి వెంట తానూ పోయింది. సాయంత్రం దడి సందులోంచి చూస్తే, ఆయన మోకాళ్ళ మధ్య అది ముడుచుకుని ఉంది. ఆయన పైపంచతో దాని వీపు తుడుస్తున్నాడు. ఆ తడి ఆయన చేతులకు అంటుతూనే ఉంది. ఆయన గమనించినట్టు లేదు.

ఆనాటి నుంచి అది ఆయన పక్కనే పడుకునేది. పిల్ల అన్నాక ఒళ్ళు పాడు చేసుకుంటుంది, కడగాలి. చెంగమ్మ కడిగినప్పుడల్లా అది విదిలించేది, ఆయన బెదిరేవాడు. ఇలా కొన్నాళ్ళు జరిగాక ఒకరోజు పొద్దున ఆమె చేతిలో చెంబు ఆయనే లాక్కున్నాడు.

ఆయన దానికి స్నానం చేయించే తీరు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. తొట్టిలో నీళ్ళు పోసి ఎండలో పెట్టేవాడు. కాసేపయ్యాక చేతి వెనక వైపు ముంచి చూసేవాడు. వేడెక్కలేదంటే మళ్ళీ కూర్చునేవాడు. ఎడమ చెయ్యి దాని వీపు మీద పెట్టి, ఆ చేతి మీద పోసుకుంటూ నీళ్ళను మెల్లగా దాని ఒంటి మీదికి జారవిడిచేవాడు. అది విదిలించబోతోందని పసిగట్టగానే చెవి మొదట్లో బొటనవేలితో నొక్కేవాడు. అది ఆగిపోయేది. తన మీద జల్లు పడకూడదనే ఈ తంటాలన్నీ, అందులో నాకు అనుమానం లేదు. అలా ఒకరోజు చెవి నొక్కుతూ, "ఉండన్నా, అయిపోయె," అన్నాడు.

అన్ని నెలల తర్వాత ఆయన నోట వచ్చిన మొదటి మాట అది. మా జిల్లాలో అన్నా అనని నోరు లేదు. కండక్టరును అంటాం, దారికి అడ్డమొచ్చిన దున్నపోతును కూడా జరుగన్నా అంటాం. కాబట్టి ఆ మాటకు పెద్ద అర్థాలు తీయకూడదని నాకు నేను చెప్పుకున్నాను. చెంగమ్మ మాత్రం దడి పట్టుకుని ఏడ్చింది. ఆయన పొట్టేలుతో అన్నాడో, పోయిన అన్నతో అన్నాడో నాకీనాటికీ తెలియదు. తొట్టి అడుగున మిగిలిన నీళ్ళు ఆయన తన కాళ్ళ మీద పోసుకోవడం మాత్రం ఆ రోజే చూశాను. కొన్నాళ్ళకు భుజాల దాకా వచ్చాయి ఆ నీళ్ళు.

నెల్లూరు డాక్టరు దగ్గరికి నేనూ వెళ్ళేదాన్ని. ఎలా ఉన్నావని డాక్టరు అడిగితే ఆయన, "మేత బాగానే తింటా ఉండాది సార్," అని చెప్పేవాడు. నిద్ర పడుతోందా అంటే, దోమలున్నా నిద్రపోతా ఉండాది అనేవాడు. మొదటిసారి డాక్టరు నా ముఖం చూశాడు. పొట్టేలు సంగతి చెప్పాను. డాక్టరు నవ్వలేదు. మంచిదేనన్నాడు. పొద్దున్నే లేవడానికి ఆయనకొక పని దొరికింది. తాకడానికి వెచ్చటి ఒళ్ళు దొరికింది. ఆ రోజు సముద్రంలో ఏం జరిగిందని అది అడగదు. మాత్రలు నేను చూసుకుంటాను, పొట్టేలును మీరు చూసుకోండి, రెంటిలో ఏదీ మానొద్దు అన్నాడు. నేనూ చెంగమ్మా ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆ పొట్టేలు ఎందుకు పెరుగుతోందో డాక్టరుకు ఇంకా చెప్పలేదు.

ఏడాది తిరిగేసరికి ఆయన వలలు బాగుచేయడం మొదలుపెట్టాడు. ముఖం సముద్రం వైపు తిరగలేదు గానీ, పక్కకు తిరిగింది. నాతో రెండు మాటలు మాట్లాడేవాడు. మీ కోవూరోళ్ళు చేపను ఉడకబెట్టి చంపుతారక్కా, చచ్చినదాన్ని మళ్ళా చంపేది మీరేనని ఆటపట్టించేవాడు. పొట్టేలూ ఎదిగింది. కొమ్ములు మెలితిరిగాయి. దారిన పోయేవాళ్ళు ముందు ఆయన్ను చూసి, మీ ఆయనకు బాగైందే చెంగమ్మా అనేవాళ్ళు. ఆ వెంటనే వాళ్ళ చూపు పొట్టేలు మీదికి పోయేది. కొలుపు వచ్చే ఏడాదే.

సరిగ్గా అప్పుడే ఆయన ఆ మాట పట్టుకున్నాడు. కూనిరాగం తీస్తూ వల అల్లుతుంటాడు. చెయ్యి చకచకా ఆడుతుంటుంది. ఏమన్నా, బాగుండావా అని ఎవరైనా అడగడం ఆలస్యం, రాగం ఆగిపోయేది. తల దించి, పొట్టేలు కొమ్ము మొదలు మీద చెయ్యేసి, "ఇంకా బాగవలా," అనేవాడు. వాళ్ళు నాలుగడుగులు వేశాక రాగం మళ్ళీ అందుకునేవాడు. పెద్దవాళ్ళు అడిగినా, బడిపిల్లలు అడిగినా అదే మాట. డాక్టరు దగ్గర కూడా అదే.

ఒకరోజు నేను ఊరుకోలేక నిలదీశాను. నిజంగానే బాగలేదా, పొట్టేలు కోసం అంటున్నావా అని. ఆయన వల పక్కన పెట్టాడు.

"ఇది లేకపోతే నేను బాగుండనక్కా," అన్నాడు. "ఇది లేకపోతే బాగుండనంటే ఇంకా బాగవనట్టే గదా."

లెక్క ఎక్కడ తప్పిందో పట్టుకుందామని చూశాను. దొరకలేదు. ఇంటికొచ్చి అన్నం తింటూ ఆలోచించినా దొరకలేదు.

డాక్టరుకు అప్పుడు మొక్కు సంగతి చెప్పక తప్పింది కాదు. డాక్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన ముందు దాన్ని నరికితే మళ్ళీ గోడ వైపు తిరిగి కూర్చున్నా ఆశ్చర్యం లేదన్నాడు. ఈసారి లేపడం కష్టమనీ అన్నాడు. ఆ మాట చెంగమ్మకు చేరవేశాను. ఆమె చేపలు తోముతూ తలెత్తలేదు.

"డాక్టరు సముద్రం మీదికి పోతాడా అక్కా?" అంది. "గంగమ్మకు ఇస్తానని ఇయ్యకపోతే ఊరుకుంటాదా? ఒకర్ని తీసుకునింది. నాకు మొగుడు గావాలా, గొర్రె గావాలా?"

ఆమె గొంతులో భక్తి కన్నా భయమే ఎక్కువ వినిపించింది. నరికితే గోడ, నరకకపోతే సముద్రం. ఏ వైపు చూసినా ఆయనే పోయేటట్టున్నాడు. ఆ నెలంతా నాకు నిద్ర సరిగా పట్టలేదు.

కొలుపు రోజు పొద్దున పంబలు మోగుతుంటే పొట్టేలును తీసుకుపోయారు. నుదుట బొట్టు, మెడలో వేపమండలు. అక్కడి పద్ధతి ఏమిటంటే, దాని మీద పసుపు నీళ్ళు పోస్తారు. అది ఒళ్ళు విదిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు. విదిలించందే కత్తి ఎత్తరు. పూజారి చెంబెడు నీళ్ళు పోశాడు. పొట్టేలు కదలలేదు. ఇంకో చెంబు పోశాడు. అది కళ్ళు సగం మూసి నెమరు వేస్తూ నిలబడింది. చెవి ఎవరైనా నొక్కుతారేమోనని తల కొంచెం పక్కకు వంచింది. ఆఖరికి ఊరి పెద్దకాపు, ఆ పాలెంలో తీర్పులు చెప్పే పెద్దమనిషి, బిందె తెప్పించి తానే పోశాడు. నీళ్ళు కొమ్ముల మీంచి కారిపోయాయి. అది అలాగే ఉంది. మా పక్కింటాయన చేతులు వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడ్డాడు. చెయ్యి కూడా కదపలేదు.

పెద్దకాపు బిందె దించి, "అమ్మ ఒప్పుకోలా," అన్నాడు. "ఆయనకింకా బాగైనట్టు లేదు. మళ్ళా కొలుపుకు చూస్తాం."

దారిన పోయేవాళ్ళంతా బాగైందన్న మనిషికి గంగమ్మ బాగవలేదని తేల్చింది. చెంగమ్మ గుడి ముందు కూలబడి ఏడ్చింది, ఆయనకు రోగం లోపల ఇంకా ఉండిపోయిందని. ఆయన పొట్టేలును ఇంటికి తోలుకొచ్చి, తొట్టిలో నీళ్ళు ఎండకు పెట్టి, పసుపంతా పోయేదాకా కడిగాడు.

ఆ స్నానం రోజూ చూసింది నేనొక్కదాన్నే కాదు. ఊరంతా చూసింది. పెద్దకాపు ఒడ్డుకు పోయే దారి చెంగమ్మ వాకిలి ముందు నుంచే. నీళ్ళకు అలవాటు పడిన పొట్టేలు ఎందుకు విదిలిస్తుందని ఒక్కరికీ తట్టలేదా? తట్టీ ఊరుకున్నారా? పోనీ ఆయన సంగతి చూద్దామా. మొదట తన భయం కొద్దీ అలా పోశాడు, సరే. భయం పోయి తానే స్నానం చేస్తున్నప్పుడు కూడా ఆ చెవి నొక్కడం ఎందుకు మానలేదు? ప్రేమా, అలవాటా, ఎత్తుగడా? ఎత్తుగడే అయితే ఆ మనిషికి అంతకన్నా బాగయ్యేదేముంది? ఒకసారి పెద్దకాపు దగ్గర మాట కదిపాను. ఆయన బీడీ ముట్టించుకుని, "అమ్మ సంగతి మనకెందుకు టీచరమ్మా," అని తువ్వాలు దులుపుకుని పోయాడు.

ఏళ్ళు గడిచాయి. ఆయన ఒడ్డు నుంచి లాగే వలకు నలుగురితో పాటు పోయి, నడుము లోతు నీళ్ళలో నిలబడి తాడు లాగేవాడు. పడవ మాత్రం ఎక్కలేదు. ఎవరడిగినా ఇంకా బాగవలా అనేవాడు. చెంగమ్మ పొట్టేలును రోజూ తిట్టేది. దొంగ గొర్రె, తినేది గంపెడు, ఇచ్చేది పెంట అనేది. అంటూనే కుడితి దాచి పెట్టేది. ముసురు పట్టినప్పుడు తన పాత చీర మడిచి దాని మీద కప్పేది. అది ముసలిదైంది. ఈ వానలు తగ్గగానే మళ్ళీ కొలుపు, పొట్టేలును సిద్ధంగా ఉంచమని పెద్దకాపు కబురు పంపాడు.

అది కార్తీకమాసం. ఎండ ముఖం చూసి చాలా రోజులైంది. పులుపుకు నాలుగు చింతకాయలు అడుగుదామని నేను వాళ్ళ వాకిట్లోకి వెళ్ళాను. ఆయన తొట్టి దగ్గర నిలబడి చెయ్యి ముంచి చూస్తున్నాడు. వేడెక్కే మాట లేదని తెలిసి, మెల్లగా పోయడం మొదలుపెట్టాడు. రెండో చెంబుకు పొట్టేలు కొమ్ముల నుంచి తోక దాకా ఒళ్ళంతా విదిలించింది. నా మీదా, చెంగమ్మ మీదా, ఆయన మీదా చినుకులు పడ్డాయి.

ఆయన చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నేను ఆ ఊరు వచ్చిన కొత్తలో చూసిన ముఖం మళ్ళీ కనిపించింది.

"చెంగమ్మా, విదిలించింది," అన్నాడు.

చెంగమ్మ పొట్టేలును చూసింది. తలెత్తి సముద్రం వైపు చూసింది. మొక్కింది ఆమె. ఇన్నేళ్ళూ దడుచుకుంటూ బతికింది ఆమె. అవునంటుందనుకున్నాను.

"విదిలించలా. చలికి వణికింది," అంది. "ముసలిది. ఎండలేని నీళ్ళు పోస్తే వణకదా?"

"అయితే నాకింకా బాగవలేదా?"

"లేదయ్యా. నీకింకా బాగవలా. ముందు గుడ్డ తెచ్చి దాన్ని తుడువు."

ఆయన నవ్వాడు. ఆటపట్టించేటప్పుడు కూడా పెదవి చివర నవ్వే మనిషి, పళ్ళన్నీ కనిపించేటట్టు నవ్వాడు. పైపంచ తీసి తుడవడం మొదలుపెట్టాడు. చెంగమ్మ లోపలికి పోయి నా చింతకాయలు తెచ్చి ఇచ్చింది. ఆమె చెయ్యి చల్లగా ఉంది.

కొలుపు దాకా పొట్టేలు బతకలేదు. ఆయనే సరుగుడు తోటలో గుంట తీసి పూడ్చాడు. తర్వాత మొక్కూ ముడుపూ లేకుండా ఇంకో పిల్లను తెచ్చుకున్నారు. చిత్రం ఏమిటంటే, ఆ తర్వాత కూడా ఆయన ఇంకా బాగవలా అనడం మానలేదు. ఇప్పుడెవరిని కాపాడడానికి? అలవాటా, లేక మొదటి నుంచీ అదే నిజమా? నేను రిటైరై కోవూరు వచ్చేశాక కూడా, ఎప్పుడు ఫోనులో పలకరించినా అదే జవాబు, అదే నెమ్మది.

పోయిన ఎండాకాలం ఆయన నిద్రలోనే పోయాడు. కబురు తెలిసి వెళ్ళాను. వాకిలి నిండా జనం. ఎత్తేముందు పెద్దకాపు అడ్డుగా నిలబడి, పోయినోడి పేరు మీద అమ్మకు మొక్కులేమన్నా మిగిలుండాయా అని అందరి ముందూ అడిగాడు. అక్కడ అలా అడుగుతారు. చెంగమ్మ కళ్ళు తుడుచుకుని, ఊరందరికీ వినపడేటట్టు చెప్పింది.

"ఏమీ లేవు. ఆయనకు బాగైతేనే గదా మొక్కు. ఆయనకు బాగవనే లేదు."

పెద్దకాపు ఒక్క క్షణం ఆమెను చూసి, తల ఊపి పక్కకు తప్పుకున్నాడు.

అందరూ కదిలాక ఆమె నా చెయ్యి పట్టుకుని ఇంటి వెనక్కి తీసుకుపోయింది. తొట్టి పక్కన నిలబెట్టి, నా చెవి దగ్గర నోరు పెట్టి, ఆ పక్కనే ఉన్న సముద్రానికి కూడా వినపడకూడదన్నట్టు అడిగింది.

"నా మొగుడు శానా బాగుండె గదక్కా?"

నేనూ అంతే నెమ్మదిగా, బాగుండె చెంగమ్మా అన్నాను.